ఖాళీ వీడియో గేమ్ పెట్టెలో పీఎస్‌2 బిగించడం: తెర, బటన్లు, కరెంటు గురించి తెలిసినవారు చెప్పండి

పర్లాకిమిడి_గోపి
మా వీధి మలుపులో ఉన్న వీడియో గేమ్ షాపు మూతబడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ ఇల్లు పడగొడుతున్నారు. లోపల మిగిలిన గేమ్ పెట్టె పాత సామాన్ల బండి ఎక్కబోతుంటే అడ్డుపడి, ఇంటి యజమానిని బతిమాలి తెచ్చుకున్నాను. లోపల గేమ్ బోర్డు లేదు, మానిటర్ లేదు. రెండు జాయ్‌స్టిక్‌లు, మనిషికి మూడేసి బటన్లు, రెండు స్టార్ట్ బటన్లు, కాయిన్ తలుపు, ఒక ఎస్‌ఎంపీఎస్ (కరెంటును తక్కువ వోల్టులకు మార్చి ఇచ్చే డబ్బా), ఒక స్పీకరు ఉన్నాయి. లావుపాటి వైర్ల గుత్తి చివర పొడవాటి కనెక్టర్ వేలాడుతోంది. 2018లో తిత్లీ తుపానుకు షాపులోకి నీళ్లు వచ్చాయట. అడుగున ప్లైవుడ్ ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది.

నా దగ్గర పల్చటి రకం పీఎస్‌2 (సోనీ ప్లేస్టేషన్ 2), దాని డిస్కులు ఉన్నాయి. వాటిని ఈ పెట్టెలో బిగించి, దసరాకు మా అన్నయ్య పిల్లలు వచ్చేసరికి నిలబడి ఆడుకునేలా చేయాలని ఉంది. ఇక్కడ ఒక రిపేరు షాపులో అడిగితే, ‘పక్కలు కోసేసి 32 అంగుళాల టీవీ పెట్టుకోండి, మిగతాదంతా పారేయండి’ అన్నారు. ఆ మాట నాకు అసలు నచ్చలేదు. పక్కలు కోశాక ఇక అది గేమ్ పెట్టె ఎలా అవుతుంది?

నేను అడిగేవి మూడు. లోపలి వెడల్పు 22 అంగుళాలు, దానిలో ఏ తెర పడుతుంది? పాత బటన్లే పీఎస్‌2కు పనిచేస్తాయా? లోపలున్న ఎస్‌ఎంపీఎస్ నుంచే పీఎస్‌2కు కరెంటు ఇవ్వవచ్చా?

ఇచ్ఛాపురం_నాని
పక్కల మీద బొమ్మలేమైనా మిగిలాయా?

పర్లాకిమిడి_గోపి
ఎడమ పక్క చెక్కుచెదరలేదు. చేత్తో వేసిన బొమ్మ. పొడవాటి పాతకాలపు కారు, దాని వెనక నోరు తెరిచిన డైనోసార్. పై పలక మీద షాపు పేరు ఒడియాలోనూ తెలుగులోనూ ఉంది.

ముస్తఫా_93
అయితే అది ముస్తఫా పెట్టె! అనుమానమే లేదు. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. ఆ పేరు మన వైపు ఎవరూ పలకలేదు, నలుగురు వీరుల్లో పసుపు టోపీ అతని పేరుతోనే ఆట మొత్తాన్నీ పిలిచాం. గోపీ, ఒక్కటి ఆలోచించు. ఆ ఆట ఇంటి కన్సోళ్లకు ఎప్పుడూ రాలేదు. పీఎస్‌2 పెడితే ముస్తఫా పెట్టెలో ముస్తఫా ఉండడు. అసలు బోర్డు కోసం వెతకడం మంచిది.

జయపురం_కుర్రాడు
బోర్డూ వద్దు, పీఎస్‌2 కూడా వద్దు అన్నా. రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ ఒకటి పెట్టండి. అరచేతిలో పట్టేంత ఉంటుంది, వేడి తక్కువ, డిస్కు అరిగే బాధ లేదు. పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్ మీద నడిపే మేమ్ వేసుకుంటే ముస్తఫా కూడా వస్తుంది.

బరంపురం_సాయి
ఆయన దగ్గర ఉన్నది పీఎస్‌2, అడిగింది పీఎస్‌2 గురించి. ఇంకొకటి కొనమనడం సలహా కాదు తమ్ముడూ.

జయపురం_కుర్రాడు
పీఎస్‌2 వచ్చింది 2000లో. లెన్స్ ఎన్నాళ్లు ఉంటుందో ఎవరికి తెలుసు? పెట్టెకు ఇంత శ్రమ పడి, చివరికి డిస్కు చదవకపోతే?

నిర్వాహకుడు
మేమ్ గురించి మాట్లాడుకోవడానికి అభ్యంతరం లేదు, అది 1997 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్. కానీ ఆట ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయో ఇక్కడ రాయవద్దు. వాటికి హక్కుదారులున్నారు.

టంకం_మాస్టారు
రాయగడలో టీవీ రిపేరు పనిలో ఉన్నవాణ్ని. గోపీ, నీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే తప్పు చేస్తే అక్కడే సామాను కాలిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ నుంచి పీఎస్‌2కు కరెంటు ఇవ్వవద్దు. గేమ్ పెట్టెల ఎస్‌ఎంపీఎస్ ఇచ్చేది 5 వోల్టులు, 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు. అడాప్టర్ బయట ఉండే పల్చటి పీఎస్‌2కు కావలసింది 8.5 వోల్టులు. ఈ మూడింటిలో ఏదీ దానికి సరిపోదు. 12 ఇచ్చావంటే అక్కడితో సరి. చివర్లో వచ్చిన 90000 వరుస పల్చటి రకానికి అడాప్టర్ లోపలే ఉంటుంది, అది నేరుగా 230 వోల్టులు తీసుకుంటుంది. నీది ఏ రకమో అడుగున నంబరు చూసుకో. ఏ రకమైనా దానికి వచ్చిన తీగతోనే నడపాలి.

ఎస్‌ఎంపీఎస్‌ను పారేయకు. దాని 12 వోల్టులతో ఫ్యాను, పై పలక వెనక ఎల్‌ఈడీ పట్టీ, స్పీకరుకు చిన్న ఆంప్లిఫయర్ బోర్డు నడపవచ్చు. కానీ పాత ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావాటికి 5 వోల్టుల వైపు కొంత లోడు ఉంటే తప్ప 12 నిలకడగా రాదు. మల్టీమీటర్ పెట్టి చూసి అప్పుడు కలుపు.

ఇక అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. నీ కంట్రోల్ ప్యానెల్ రేకుదా, చెక్కదా?

పర్లాకిమిడి_గోపి
రేకుదే మాస్టారూ. కాయిన్ తలుపు కూడా ఇనుముదే. అడాప్టర్ బయట ఉన్న రకమే నాది.

టంకం_మాస్టారు
అయితే రెండింటికీ ఎర్త్ తీగ బోల్టుతో బిగించి మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్త్‌కు కలపాలి. తలుపుకు కీలు ఉంది కదా అని వదిలేయకు, కీలు మీద పెయింటు ఉంటే కరెంటు దాటదు. తలుపుకు విడిగా మెత్తటి తీగ వేయి. ఈ పెట్టె దగ్గర నిలబడేది చెమట చేతులతో, ఉత్త కాళ్లతో, గచ్చు నేల మీద పిల్లలు. లోపల ఎక్కడ తీగ తొక్క ఊడి రేకుకు తగిలినా ఆ ఎర్త్ తీగే వాళ్లను కాపాడుతుంది. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్టేసే స్విచ్, లేకపోతే ముందు అది పెట్టించు. పెట్టె సంగతి తరవాత.

గుణుపురం_లత
మాస్టారి మాటకు వంద దండాలు. మా ఇంట్లో ఎర్త్ పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చే అలవాటు ఉండేది, పట్టుబట్టి మాన్పించాను.

బరంపురం_సాయి
తెర దగ్గరకు వద్దాం. పాత బొద్దు (సీఆర్‌టీ) టీవీయే పెట్టాలి. గేమ్ పెట్టెలో ఎల్‌సీడీ చూస్తే నాకు ప్రాణం ఒప్పదు. ఆ కాలపు ఆటలు ఆ గాజు కోసం గీసినవి. పీఎస్‌2కు కాంపొనెంట్ తీగ (బొమ్మను మూడు తీగల్లో విడివిడిగా పంపేది) వేసి 21 అంగుళాల టీవీకి ఇస్తే రంగులు ఎంత బాగుంటాయో చూసినవాళ్లకు తెలుసు. బటన్ నొక్కడానికీ తెర మీద దెబ్బ పడటానికీ మధ్య ఆలస్యం ఉండదు. ఇవాళ బొద్దు టీవీ ఊరికే ఇచ్చేవాళ్లున్నారు.

ఇచ్ఛాపురం_నాని
తుపాకీతో కాల్చే ఆటలు కూడా బొద్దు టీవీ మీదే పనిచేస్తాయి. గన్‌కాన్ తుపాకీ తెర మీద గీత కదిలే వేళను పట్టుకుని గురి లెక్కగడుతుంది. ఎల్‌సీడీలో ఆ గీతే ఉండదు.

పర్లాకిమిడి_గోపి
సాయి గారూ, మా మేనమామ దగ్గర 21 అంగుళాల టీవీ ఉంది. కొలిచాను. రెండు పక్కలా స్పీకర్లతో బయటి వెడల్పు 24 అంగుళాలకు పైనే. పెట్టెలో పట్టదు.

జయపురం_కుర్రాడు
ప్లాస్టిక్ డొప్ప తీసేస్తే పడుతుంది. గాజు బుడ్డి వెడల్పు అంత ఉండదు.

టంకం_మాస్టారు
డొప్ప తీయమని చెప్పడం తేలిక. గోపీ, ఆ పని నువ్వు చేయకు. రంగుల పిక్చర్ ట్యూబు మీద రబ్బరు మూత కింద 25 వేల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకినా ట్యూబులో ఆ చార్జి నిలిచే ఉంటుంది, కొన్నిట్లో రోజుల తరబడి. ట్యూబు బయట ఉన్న ఎర్త్ అల్లిక తీగకు కలిపిన పరికరంతో దాన్ని దించాలి, అదీ తెలిసినవాళ్లు దగ్గరుండి చేయాలి. వెనక సన్నటి గాజు మెడ ఉంటుంది, దానికి చిన్న దెబ్బ తగిలినా గాలి చొరబడి ట్యూబు పోతుంది. ఇవన్నీ దాటుకుని బిగించినా, డొప్ప లేని టీవీ వెనక పిల్లలు బంతి కోసం చెయ్యి పెట్టే పెట్టెలో ఉండకూడదు. నేను ఒప్పుకోను.

బరంపురం_సాయి
డొప్ప తీయమని నేనూ అనను మాస్టారూ. అసలు ఆర్కేడ్ మానిటరే దొరికితే?

టంకం_మాస్టారు
దొరికితే మంచిదే, కానీ దాని చిక్కులు దానికున్నాయి. గేమ్ మానిటర్ 15 కిలోహెర్ట్జ్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా) తీసుకుంటుంది, పీఎస్‌2 కూడా ఆ వేగంతోనే ఇవ్వగలదు, అంతవరకు పొత్తు కుదిరింది. అయితే కన్సోల్ ఇచ్చే రంగు సంకేతం 0.7 వోల్టు. గేమ్ బోర్డులు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తాయి, మానిటర్‌ను దానికి తగ్గట్టు చేశారు. నేరుగా కలిపితే బొమ్మ చీకట్లో ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో వీడియో ఆంప్లిఫయర్ కావాలి. పైగా చాలా ఆర్కేడ్ మానిటర్ల చాసిస్‌కు మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అది లేకుండా మెయిన్స్‌కు కలిపితే కన్సోల్ పోతుంది, మనిషికీ ప్రమాదమే.

బల్లార్షా_వెంకట్
నాగపూర్ సీతాబర్డీలో ఆర్కేడ్ మానిటర్ కోసం తిరిగినవాణ్ని. దొరికిన ఒక్కదానిలో పాత ఆట బొమ్మ నీడలా అచ్చుపడి ఉంది, తెర ఆర్పినా కనిపిస్తోంది. వదిలేశాను. గోపీ, నీ 22 అంగుళాలకు లెక్క చెబుతాను.

24 అంగుళాల వెడల్పు తెర అసలు వెడల్పు 53 సెంటీమీటర్లు, అంటే దాదాపు 21 అంగుళాలు. చుట్టూ అంచు సన్నగా ఉన్న రకమైతే 22లో పడుతుంది. దాని మీద 4:3 బొమ్మ (పాత టీవీ ఆకారం) మూల నుంచి మూలకు 19.6 అంగుళాలు వస్తుంది, పక్కన మిగిలే నల్ల పట్టీలను అట్టతో కప్పేయవచ్చు. లేదంటే ఆఫీసులు అమ్మేసే పాత 19 అంగుళాల చదరపు మానిటర్ తీసుకో. అది 5:4 కాబట్టి బొమ్మ దాదాపు నిండుగా ఉంటుంది, పైనా కిందా చిన్న పట్టీ మిగులుతుంది. రెండింటిలో బొమ్మ సైజు దగ్గర దగ్గరే. కానీ ఆ మానిటర్లకు కంప్యూటర్‌కు కలిపే వీజీఏ, డీవీఐ సాకెట్లే తప్ప టీవీకి ఉండే ఏవీ (AV) సాకెట్ ఉండదు, కన్వర్టర్ కావాలి. చవక కన్వర్టర్లు పాత ఆటల 240 గీతల బొమ్మను సరిగ్గా గుర్తించక వణికిస్తాయి, పరుగెత్తే మనిషి చుట్టూ పళ్లదువ్వెనలా గీతలు వస్తాయి. కాంపొనెంట్ సాకెట్ ఉన్న చిన్న ఎల్‌సీడీ టీవీ దొరికితే అదే మేలు. టీవీలో గేమ్ మోడ్ పెట్టడం మరిచిపోకు, ఆలస్యం తగ్గుతుంది.

బరంపురం_సాయి
లెక్క బాగుంది, మనసు మాత్రం బొద్దు టీవీ దగ్గరే ఉంది. 14 అంగుళాల టీవీ డొప్పతో సహా పడుతుంది కదా?

బల్లార్షా_వెంకట్
పడుతుంది. కానీ ఇద్దరు నిలబడి ఆడే పెట్టెలో 14 అంగుళాలు చూస్తే కిటికీలోంచి తొంగి చూసినట్టు ఉంటుంది.

గుణుపురం_లత
తెర గొడవ మీరు తేల్చుకోండి, నేను చెక్క సంగతి చెబుతాను. మాది ఫర్నిచర్ పని.

గోపి గారూ, ఉబ్బిన ప్లైవుడ్‌కు జిగురు పట్టించి క్లాంపులు వేసి లాభం లేదు, ఈ గాలికి మళ్లీ విచ్చుకుంటుంది. తేమ ఎక్కడిదాకా ఎక్కిందో స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. మెత్తగా దిగినంతవరకు కోసేయాలి. పెట్టె పక్కలు పైవరకు ఒకే పలక కాబట్టి కోత తిన్నగా రావాలి, ఇనుప పట్టీని గైడుగా బిగించుకుని కోయించండి. కింద అతికే ముక్క 710 గుర్తు ఉన్న మెరైన్ ప్లైవుడ్ అయి ఉండాలి. 303 గుర్తు ఉన్నది చవకగా వస్తుంది, కానీ నీళ్లు చూసిన చోట అది వద్దు. అతుకు లోపలివైపు వెడల్పాటి ప్లైవుడ్ పట్టీ వేసి స్క్రూలు దించండి. కోసిన అంచుల్లోకి చెదల మందు పూయించాకే రంగు. కింద నాలుగు మూలలా ఎత్తు సరిచేసుకునే ఇనుప కాళ్లు బిగిస్తే చెక్క నేలకు తగలదు, వాన చెమ్మ పైకి పాకదు.

ఎడమ పక్క బొమ్మ జోలికి మాత్రం పోవద్దు. దాని మీద వార్నిష్ కూడా కొట్టించకండి. ఏ రంగుతో వేశారో తెలియనప్పుడు వార్నిష్ తగిలి కరిగిపోవచ్చు. మెత్తటి తడి గుడ్డతో తుడవండి, అదీ ముందు ఒక మూలన.

పర్లాకిమిడి_గోపి
కోత పైదాకా వస్తే డైనోసార్ పాదాలు పోతాయేమో.

గుణుపురం_లత
ఆ పక్కన లోపలి పొరలు మాత్రమే చెడితే బయటి పొరను అలాగే ఉంచి లోపలినుంచి కొత్త పలక అతికించవచ్చు. శ్రమ ఎక్కువ, మా వాళ్లు చేశారు. వడ్రంగికి ముందే చెప్పండి, లేకపోతే సులువైన దారి పట్టి మొత్తం కోసేస్తాడు.

ఇచ్ఛాపురం_నాని
బరంపురం ఠాకురాణి యాత్రకు మా నాన్న తీసుకెళ్లినప్పుడు ఇలాంటి బొమ్మలున్న పెట్టెల వరుస ముందు నిలబడిపోయేవాణ్ని. రెండేళ్లకోసారి వచ్చే యాత్ర, అమ్మవారి కంటే ముందు పెట్టెలే కనబడేవి. లత గారు చెప్పినట్టు ఆ బొమ్మను కాపాడు గోపీ. చేత్తో వేసినవి మళ్లీ రావు.

ముస్తఫా_93
నేనూ అదే అంటున్నా. బొమ్మ ముస్తఫాది, లోపల ఇంకేదో.

బల్లార్షా_వెంకట్
ముస్తఫా గారూ, అసలు బోర్డు దొరికినా దానికో బ్యాటరీ జబ్బు ఉంది. క్యూసౌండ్ అనే ధ్వని పద్ధతి ఉన్న ఆ క్యాప్‌కామ్ బోర్డుల్లో ధ్వని ప్రోగ్రాము తాళం బ్యాటరీ మీద నిలుస్తుంది. బ్యాటరీ అయిపోతే శబ్దం పోతుంది, బాగుచేసేవాళ్లను వెతుక్కోవాలి. పిల్లలు దసరాకు ఆడాలంటే కుదిరే పని కాదు. పీఎస్‌2కు ‘క్యాప్‌కామ్ క్లాసిక్స్ కలెక్షన్’ డిస్కు ఉంది, అందులో ‘ఫైనల్ ఫైట్’ ఉంది. ముస్తఫాకు ముందు, 1989లో వచ్చిన కొట్లాట అదే. రెండు బటన్లు చాలు, ఇద్దరు కలిసి ఆడవచ్చు.

ముస్తఫా_93
ఫైనల్ ఫైట్ అంటే సరే. దానికి అడ్డు చెప్పను.

పర్లాకిమిడి_గోపి
వెంకట్ గారూ, బటన్లు పీఎస్‌2కు ఎలా కలపాలి? అదింకా ఎవరూ చెప్పలేదు.

బల్లార్షా_వెంకట్
తీరిగ్గా రాస్తాను, ఇది నేను చేసిన పని.

నీ వైర్ల గుత్తి చివర ఉన్నది జమ్మా కనెక్టర్. జపాన్‌లో 1985లో గేమ్ కంపెనీలు కలిసి పెట్టుకున్న పద్ధతి. రెండు వైపులా 28 చొప్పున 56 పిన్నులు. కరెంటు, బొమ్మ, శబ్దం, జాయ్‌స్టిక్, కాయిన్ అన్నీ దాని గుండానే వెళ్తాయి. అందుకే షాపువాళ్లు పాత బోర్డు పీకి కొత్తది గుచ్చితే ఆట మారిపోయేది. ఆ గుత్తిని కోయవద్దు. అందులో దూరే ఉత్త రాగి పళ్ల బోర్డు, అంటే ఏ చిప్పూ లేనిది, విడిగా అమ్ముతారు. దానికి తీగలు టంకం వేసుకుంటే గుత్తి అలాగే ఉంటుంది, రేపు ముస్తఫా బోర్డు దొరికితే నీ బోర్డు పీకి అది గుచ్చవచ్చు.

రెండో వైపు పీఎస్‌2 ప్యాడ్ కావాలి. పీఎస్‌2తో వచ్చే డ్యూయల్‌షాక్ 2 ప్యాడ్‌ను విప్పవద్దు. దాని బటన్లు ఎంత గట్టిగా నొక్కావో కొలిచే రకం, లోపల కార్బన్ పొర ఉంటుంది, మామూలు మైక్రోస్విచ్‌తో సరిపడదు. మొదటి ప్లేస్టేషన్‌తో వచ్చిన, కర్రలు లేని ఉత్త డిజిటల్ ప్యాడ్ తీసుకో. పీఎస్‌2 సాకెట్‌లో అది పడుతుంది. ప్యాడ్ బోర్డు మీద ప్రతి బటన్‌కు రెండు రాగి పొరలు కనిపిస్తాయి, ఒకటి ఆ బటన్‌ది, రెండోది ఉమ్మడి గ్రౌండు. అసలు రకంలో ఆ గ్రౌండు అన్ని బటన్లకూ ఒక్కటే. మల్టీమీటర్ బీప్‌తో సరిచూసుకో. రాగి మీద పూతను బ్లేడుతో నెమ్మదిగా గీకి, సన్నటి తీగ అతికి, దాని మీద వేడి జిగురు చుక్క వేయి. జిగురు లేకపోతే తీగ లాగినప్పుడు రాగి పొర కూడా లేచి వస్తుంది.

జమ్మాలో మనిషికి నాలుగు దిక్కులు, మూడు బటన్లు, స్టార్ట్, కాయిన్ ఉంటాయి. నీ ప్యానెల్‌లో ఉన్నది అంతే. దాన్ని ఇలా పంచుకో: మూడు బటన్లకు చదరం, క్రాస్, సున్నా. స్టార్ట్‌కు స్టార్ట్. కాయిన్ స్విచ్‌కు సెలెక్ట్.

జయపురం_కుర్రాడు
కాయిన్ వేస్తే సెలెక్ట్ పడటం బాగుంది! పిల్లలు నాణెం వేయకుండా ఊరుకోరు.

బరంపురం_సాయి
త్రిభుజం, ఎల్, ఆర్ బటన్ల మాటేమిటి? ‘స్ట్రీట్ ఫైటర్’కు ఆరు కావాలి. ప్యానెల్‌కు ఇంకో మూడు కన్నాలు వేస్తే పోలా?

గుణుపురం_లత
పాత రేకుకు కన్నం వేయవద్దు. ఆ రేకు బోల్టులతోనే ఉంటుంది కదా, ఊడదీసి దాచండి. అదే కొలతకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కొత్త ప్యానెల్ చేయించి ఎన్ని కన్నాలైనా వేసుకోండి.

బరంపురం_సాయి
రేకు ఇంట్లో దాచి చెక్క ముందు ఆడటమా? చల్లటి రేకు మీద మణికట్టు ఆనించి ఆడినవాడికి అది వేరే పెట్టె.

పర్లాకిమిడి_గోపి
లత గారి మాటే నాకు నచ్చింది. కానీ ముందు పాత రేకుతోనే మొదలుపెడతాను. ఫైనల్ ఫైట్‌కు మూడు బటన్లు చాలు. ఆరు బటన్ల ప్యానెల్ తరవాత చేయించుకుంటాను.

జయపురం_కుర్రాడు
మరి ‘గాడ్ ఆఫ్ వార్’ లాంటివి? అందులో పక్కకు దొర్లడానికి కుడి కర్ర కావాలి. ఆర్కేడ్ జాయ్‌స్టిక్‌తో అవి ఆడలేరు.

బల్లార్షా_వెంకట్
నిజమే. అందుకే ప్యాడ్ తీగను కన్సోల్‌కు టంకం వేయకుండా దాని సాకెట్‌లోనే గుచ్చి ఉంచాలి. అలాంటి ఆట ఆడాలనుకున్న రోజు అది పీకి మామూలు డ్యూయల్‌షాక్ గుచ్చుకోవచ్చు. పీఎస్‌2ను కాయిన్ తలుపు వెనక, బల్ల సొరుగుకు వేసే జారుడు పట్టాల మీద పెట్టు. పల్చటి రకానికి మూత పైకి లేస్తుంది, కాబట్టి పైన ఖాళీ ఉండాలి. సొరుగు ముందుకు లాగితే డిస్కు, మెమరీ కార్డు, ప్యాడ్ సాకెట్లు అన్నీ చేతికి అందుతాయి.

టంకం_మాస్టారు
కాయిన్ తలుపులో వెలిగే బల్బు ఉంటే దానికి వెళ్లేది 12 వోల్టులు. ఆ తీగ, బటన్ తీగ ఒకే గుత్తిలో ఉంటాయి. ప్యాడ్ బోర్డు నడిచేది నాలుగు వోల్టుల లోపు. పొరపాటున కూడా ఆ రెండూ కలవకూడదు. తీగ రంగును నమ్మకు, ఆ కాలంలో చేతికందిన రంగు తీగ వేసి అతికిన పెట్టెలు ఎన్నో చూశాను. కలిపే ముందు ప్రతి తీగా మీటర్‌తో చూడు.

గుణుపురం_లత
ఇంకొకటి. బొద్దు మానిటర్ లేకపోతే పెట్టె తేలికైపోతుంది. పిల్లలు జాయ్‌స్టిక్ పట్టుకుని వేలాడతారు, పెట్టె ముందుకు వాలుతుంది. అడుగున వెనకవైపు ఇసుక సంచులు గానీ గ్రానైట్ ముక్కలు గానీ వేసి, పైన గోడకు ఎల్ పట్టీతో బిగించండి. గాలికి కింద రంధ్రాలు, పైన వెనక 120 మిల్లీమీటర్ల ఫ్యాను చాలు. రంధ్రాలకు సన్నటి ఇనుప జాలీ వేయించండి. ప్లాస్టిక్ జాలీని ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది.

ఇచ్ఛాపురం_నాని
సముద్రం దగ్గరివాళ్లకు నా మాట: ఇంట్లో ఎవరూ ఆడని రోజుల్లో కన్సోల్ దగ్గర సిలికా జెల్ సంచి పెట్టండి. ఈ ఉప్పు గాలికి సాకెట్లు పచ్చబడతాయి. పిడుగుల కాలంలో పెట్టె స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకాలి.

పర్లాకిమిడి_గోపి
ఇంతమంది ఇన్ని చెప్పారు, పని మొదలైంది. ఇక్కడిదాకా వచ్చినది చెబుతాను.

వడ్రంగి లోపలినుంచి గుచ్చి చూశాడు. ఎడమ పక్క బయటి పొర గట్టిగానే ఉంది, లత గారు చెప్పినట్టు లోపల 710 పలక అతికించాడు. డైనోసార్ పాదాలు నిలిచాయి. కుడి పక్క, అడుగు కోసి కొత్తవి వేశాడు. ఇనుప కాళ్లు పర్లాకిమిడిలో దొరకలేదు, పాలకొండ వెళ్లే చుట్టాల చేత తెప్పించాను.

తెర దగ్గర సాయి గారు నన్ను క్షమించాలి. సన్నటి అంచున్న 24 అంగుళాల ఎల్‌సీడీ టీవీ పాతది దొరికింది, కాంపొనెంట్ సాకెట్ ఉంది. పీఎస్‌2 సెట్టింగుల్లో కాంపొనెంట్‌ను ఆర్‌జీబీ నుంచి వై సీబీ సీఆర్‌కు మార్చేదాకా బొమ్మ రంగులు తప్పుగా వచ్చాయి, మార్చాక బాగుంది. పక్క పట్టీలకు నల్ల అట్ట కోసి పెట్టాను.

మాస్టారూ, రేకుకూ తలుపుకూ ఎర్త్ పడింది, మీటర్‌తో చూశాను. ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ లేదు, ఎలక్ట్రీషియన్ వచ్చి పెట్టాడు. ఎస్‌ఎంపీఎస్ 12 వైపు 5 వోల్టులకు లోడు లేకపోతే నిజంగానే తక్కువ చూపించింది. 5 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ ఒకటి కలిపాక సరిపోయింది.

బరంపురం_సాయి
క్షమాపణ ఎందుకు, పెట్టె బతికింది కదా. నా దగ్గర 14 అంగుళాల టీవీ ఉంది, ఎప్పుడైనా తుపాకీ ఆట ఆడాలనిపిస్తే బరంపురం రండి.

టంకం_మాస్టారు
ఎర్త్ మీటర్‌తో చూశానన్న మాట చదివాక నిశ్చింతగా ఉంది.

పర్లాకిమిడి_గోపి
వెంకట్ గారూ, మొదటి ఆటగాడి తీగలు అన్నీ పూర్తయ్యాయి. కొట్టడం, గెంతడం పనిచేస్తున్నాయి. కానీ జాయ్‌స్టిక్ మూలలకు వెళ్లడం లేదు. పైకి, కిందికి, పక్కలకు వెళ్తోంది. ఏటవాలుగా తోస్తే ఏదో ఒక దిక్కే పడుతోంది. తీగల్లో తప్పుందా?

బల్లార్షా_వెంకట్
తీగలు కాదు. జాయ్‌స్టిక్ కింద కర్ర కదలికను ఆపే పలక ఒకటి ఉంటుంది. నాలుగు దిక్కుల ఆటలకు దాన్ని ఒక తీరుగా, ఎనిమిది దిక్కులకు ఇంకో తీరుగా బిగిస్తారు. షాపువాళ్లు చివర్లో ఏదో నాలుగు దిక్కుల ఆట నడిపి ఉంటారు. స్క్రూలు విప్పి పలకను 45 డిగ్రీలు తిప్పి బిగించు. కొన్ని రకాల్లో తిప్పడానికి బదులు తిరగేసి బిగించాలి, కన్నం ఆకారం చూస్తే తెలుస్తుంది.

పర్లాకిమిడి_గోపి
తిప్పాను. మూలలు పడుతున్నాయి. రెండో ప్యాడ్ సికింద్రాబాద్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) నుంచి ఒక స్నేహితుడు పంపుతున్నాడు, అది వస్తే రెండో వైపు తీగలు మొదలుపెడతాను.

ముస్తఫా_93
రెండో వైపు అయ్యాక చెప్పు. పలాస నుంచి మీ ఊరు ఎంత దూరమని, నేనే వచ్చి రెండో ఆటగాడిగా నిలబడతాను.